చెన్నై ఫుడ్ ఎగ్జిబిషన్‌కు విదేశీ కంపెనీలు: సరుకును ముందు మూడు కుప్పలు చేయండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చెన్నైలో మీది చిన్న డిస్ట్రిబ్యూషన్ కంపెనీ. నందంబాక్కం ట్రేడ్ సెంటర్‌లో జరిగే ఫుడ్ ఎగ్జిబిషన్‌లో మీ ద్వారా మూడు విదేశీ కంపెనీలు స్టాళ్లు తీసుకున్నాయి. ఇటలీ వాళ్లు చీజ్, ఆలివ్ నూనె, ఒక ఎస్ప్రెసో మెషీన్ తెస్తున్నారు. ఇథియోపియా వాళ్లది కాఫీ. వియత్నాం వాళ్లది జీడిపప్పు, మిరియాలు. మనుషులకు ఏ వీసా కావాలి, సరుకుకు ఏ కాగితాలు కావాలి అన్నది ఒక ప్రశ్న. "శాంపిల్సే కదా, సూట్‌కేసుల్లో పెట్టుకొచ్చేస్తాం" అంటున్నారు, సరేనా అన్నది రెండోది.

నాది చెన్నైలో కస్టమ్స్ క్లియరింగ్ పని. మీనంబాక్కం ఎయిర్ కార్గోలోనూ చేస్తాను, హార్బర్‌లోనూ చేస్తాను. మామూలు దిగుమతుల కన్నా ఎగ్జిబిషన్ సరుకుకే టెన్షన్ ఎక్కువ. మామూలు సరుకు నాలుగు రోజులు ఆలస్యమైతే డెమరేజ్ (సరుకు ఎక్కువ రోజులు ఉంచినందుకు కట్టే అద్దె) కట్టి ఊరుకుంటాం. ఎగ్జిబిషన్ సరుకు అన్ని రోజులు ఆలస్యమైతే ఇక దాంతో పనే ఉండదు.

సూట్‌కేస్ సంగతి ముందే తేల్చేస్తాను: వద్దు. బ్యాగేజీలో ఇచ్చే మినహాయింపు ప్రయాణికుడి సొంత వాడకం వస్తువులకు మాత్రమే. ముప్ఫై ప్యాకెట్ల జీడిపప్పు నా సొంత వాడకానికే అంటే ఏ అధికారీ నమ్మడు. చెప్పకుండా గ్రీన్ చానెల్‌లో (డ్యూటీ కట్టాల్సింది ఏమీ లేదనేవాళ్లు వెళ్లే దారిలో) నడిచి దొరికిపోతే సరుకు పోతుంది, జరిమానా పడుతుంది, స్టాల్ కట్టుకోవాల్సిన మనిషి ఎయిర్‌పోర్టులోనే సగం రోజు కూర్చుంటాడు. చీజ్, పచ్చి కాఫీ గింజలు అయితే క్వారంటైన్ వాళ్లు (బయటి చీడలు, జబ్బులు రాకుండా చూసే అధికారులు) కూడా కలగజేసుకుంటారు. కొరియర్‌లో పంపినా గట్టెక్కరు. కొరియర్ క్లియరెన్స్ నిబంధనలు పాడైపోయే సరుకునీ, మొక్కలకూ జంతువులకూ సంబంధించిన సరుకునీ ఆ దారిలో రానివ్వవు. పెట్టె ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. అప్పుడు దాన్ని మామూలు కార్గో క్లియరెన్స్‌కు మార్చుకోవడానికి పట్టే సమయంలో ఎగ్జిబిషన్ కాస్తా అయిపోతుంది.

ఇక అసలు విషయం. విదేశీ ఎగ్జిబిటర్ "మా స్టాల్ సామాను" అంటూ అన్నీ ఒకే ప్యాకింగ్ లిస్టులో రాసి పంపుతాడు. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి. మన పెళ్లిళ్లలో అద్దెకు తెచ్చిన గుండిగలు, వంటకు తెచ్చిన కూరగాయలు ఒకే వ్యానులో వచ్చినా లెక్క మాత్రం వేరు: గుండిగలు ఎన్ని వచ్చాయో అన్నీ తిరిగి వెళ్లాలి, కూరగాయల గురించి ఎవరూ అడగరు. కస్టమ్స్ చూపు కూడా అంతే. కాబట్టి మూడు కంపెనీలనూ ఇన్‌వాయిస్ రాయకముందే సరుకును మూడు కుప్పలు చేయమనండి. ఎగ్జిబిషన్ అయ్యాక తిరిగి వెళ్లేవి ఒక కుప్ప. స్టాల్‌లోనే తినేసేవి, తాగేసేవి, పంచేసేవి రెండోది. ఇక్కడే అమ్ముకునేవి లేదా మీకు వదిలేసి వెళ్లేవి మూడోది. ఒక్కో కుప్పకు చట్టం వేరు, కాగితాలు వేరు. వీలైతే పెట్టెలు కూడా వేరుగా ఉండాలి. లేకపోతే చీజ్ పర్మిట్ కోసం ఎస్ప్రెసో మెషీన్ కూడా గోడౌన్‌లో కూర్చుంటుంది.

మొదటి కుప్పకు మంచి దారి ఏటీఏ కార్నె, అంటే సరుకును తాత్కాలికంగా తెచ్చి తిరిగి తీసుకెళ్లడానికి చాలా దేశాల కస్టమ్స్ ఒప్పుకునే పత్రాల పుస్తకం. ఇటలీ ఈ పద్ధతిలో ఉంది కాబట్టి వాళ్లు అక్కడి ఛాంబర్ ఆఫ్ కామర్స్ దగ్గరే గ్యారంటీ పెట్టి కార్నె తెచ్చుకుంటారు. ఇక్కడ దానికి హామీ సంస్థ ఫిక్కీ, అంటే భారత వాణిజ్య, పరిశ్రమల మండళ్ల సమాఖ్య. కార్నె ఉంటే మెషీన్‌కు, గ్రైండర్‌కు, డిస్‌ప్లే ర్యాకులకు, ఎల్‌ఈడీ తెరలకు డ్యూటీ కట్టక్కర్లేదు, ఇక్కడ బ్యాంక్ గ్యారంటీ పెట్టక్కర్లేదు. కార్నె గడువు గరిష్ఠంగా ఏడాది. కానీ మన కస్టమ్స్ మినహాయింపు, అంటే 1990 నాటి 157 నంబరు నోటిఫికేషన్, దిగుమతి అయిన ఆరు నెలల్లోపు సరుకును తిరిగి పంపమంటుంది. కార్నె మీద ఏడాది రాసి ఉంది కదా అని నిదానంగా ఉంటే కుదరదు.

ఆ నోటిఫికేషన్‌లో ఇంకో షరతు ఉంది, చాలామంది దాన్ని చదవరు. ఆ ఎగ్జిబిషన్‌కు కేంద్ర ప్రభుత్వం నుంచో, ఇండియా ట్రేడ్ ప్రమోషన్ ఆర్గనైజేషన్ నుంచో ఆమోదం ఉండాలి. హాలు బుక్ అయినంత మాత్రాన సరిపోదు. కాబట్టి నిర్వాహకుల నుంచి మీరు మొదట అడగాల్సింది స్టాల్ ప్లాన్ కాదు, ఆ ఆమోద పత్రం కాపీ. పేరున్న నిర్వాహకులైతే అడగ్గానే పంపుతారు. "చూస్తాం, చెబుతాం" అంటే కార్నె మీద ఆశ పెట్టుకోకుండా వేరే ఏర్పాటు చూసుకోండి.

కార్నెలో జాబితా ఒకసారి రాసి ముద్ర పడ్డాక కొత్త వస్తువు చేర్చడానికి వీలుండదు. ప్రతి మెషీన్‌కూ సీరియల్ నంబరు రాయాలి. ఇక్కడ అధికారి పెట్టె తెరిచి మెషీన్ వెనక రేకు మీద ఉన్న నంబరును జాబితాలోని నంబరుతో పోల్చి చూస్తాడు. బయలుదేరే ముందు రోజు ఒక గ్రైండర్ పాడైతే అక్కడివాళ్లు ఇంకో గ్రైండర్ పెట్టి పంపేస్తారు, కాగితం మాత్రం పాతదే. మోడల్ ఒకటే కదా అంటే లాభం లేదు, నంబరు వేరు. అలాంటప్పుడు ఆ ఒక్క వస్తువునూ విడిగా డ్యూటీ కట్టి విడిపించుకోవాలి. కార్నెలోని తెల్ల కాగితాలు మన దగ్గర దిగుమతికి, తిరుగు ఎగుమతికి. పసుపు కాగితాలు వాళ్ల దేశం కస్టమ్స్ కోసం. నీలం కాగితాలు మధ్యలో ఇంకో దేశం మీదుగా ట్రాన్సిట్‌లో వస్తే. బయలుదేరేటప్పుడు అక్కడ పసుపు కాగితం మీద ముద్ర వేయించుకోవడం మర్చిపోతే, తిరిగి వెళ్లాక వాళ్ల దేశంలోనే డ్యూటీ గొడవ మొదలవుతుంది. ఇటలీ వాళ్లకు ఈ ముక్క మెయిల్‌లో రాయండి.

ఇథియోపియా ఈ పద్ధతిలో లేదు. అయినా వాళ్లు తెచ్చే సామాను ఏముంటుంది? కాఫీ కాచే మట్టి కూజాలు, చిన్న పీటలు, బ్యానర్లు. అంత చిన్న విలువకు బాండు, బ్యాంక్ గ్యారంటీ అంటూ తిరగడం దండగ. డ్యూటీ కట్టేయడమే తేలిక. విలువైన మెషీన్ అయితే ఇంకో మార్గం ఉంది: డ్యూటీ కట్టి తెచ్చి, తిరిగి పంపాక కస్టమ్స్ చట్టం సెక్షన్ 74 కింద వాపసు అడగొచ్చు. వాడకుండా తిరిగి పంపితే 98 శాతం, మూడు నెలల లోపు వాడి పంపితే 95 శాతం వస్తుంది. అయితే కట్టింది వెనక్కి రావడానికి నెలలు పట్టొచ్చు. వచ్చినప్పుడు, వెళ్లేటప్పుడు ఉన్నది అదే వస్తువని రుజువు చేయడానికి ఫోటోలు, సీరియల్ నంబర్లు ఉండి తీరాలి.

ఈ మొదటి కుప్పకే ఇంకో అడ్డంకి: చెక్క పెట్టెలు. లోపల ఉన్నది ఇనుప మెషీనే కావచ్చు, దాని చుట్టూ ఉన్న క్రేట్, కింద ఉన్న ప్యాలెట్ చెక్కవే. ఐఎస్‌పీఎం-15 అనే చెక్క ప్యాకింగ్ అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఆ చెక్కను గుండె భాగం దాకా 56 డిగ్రీల వేడి చేరేలా కనీసం 30 నిమిషాలు వేడి చేసి ఉండాలి, లేదా మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టి ఉండాలి. గోధుమ కంకి గుర్తు, దేశం కోడ్, హెచ్‌టీ లేదా ఎంబీ అనే అక్షరాలు చెక్క మీద కాల్చి గానీ ముద్రించి గానీ ఉంటాయి. ముద్ర లేకపోతే ప్లాంట్ క్వారంటైన్ వాళ్లు ఆపుతారు. ఒక యూరప్ ఎగ్జిబిటర్ ఓవెన్ ఇలాగే ఆగింది. అన్ని కాగితాలూ సరిగ్గా ఉన్నాయి, ప్యాలెట్ మాత్రం గోడౌన్‌లో దొరికిన పాతది, దాని మీద ముద్ర లేదు. ఎగ్జిబిషన్ మొదటి రోజు ఆ స్టాల్‌లో ఓవెన్ ఉండాల్సిన చోట దాని ఫోటో పెట్టుకున్నారు. క్రేట్ మూత వేసే ముందు ఆ ముద్ర ఫోటో వాట్సాప్‌లో పంపమని అడగండి. ప్లైవుడ్‌కు ఈ బాధ లేదు.

రెండో కుప్పకు, అంటే తినేవాటికి, కార్నె పనికిరాదు. తిరిగి వెళ్లని సరుకు కార్నెలో పెట్టకూడదు. తాత్కాలికంగా తెచ్చే సరుకు గురించిన అంతర్జాతీయ ఇస్తాంబుల్ ఒప్పందంలో ఎగ్జిబిషన్‌లో ఉచితంగా పంచే చిన్న శాంపిళ్లకు వెసులుబాటు ఉంది. అయితే ఉచితంగా పంచేవై ఉండాలి, అమ్మకానికి పనికిరాని చిన్న మోతాదులో ఉండాలి, వచ్చే జనానికి తగ్గ పరిమాణంలో ఉండాలి. ఏది తగినది అన్నది కస్టమ్స్ అధికారి చూసి నిర్ణయిస్తాడు. మద్యం, పొగాకులకు ఈ వెసులుబాటు లేదు. నా సలహా అడిగితే దీన్ని నమ్ముకోకుండా డ్యూటీ డబ్బు బడ్జెట్‌లో పెట్టుకోండి. పది కిలోల కాఫీ మీద డ్యూటీ మిగుల్చుకోవాలని రెండు రోజులు వాదించడం కన్నా కట్టేసి స్టాల్‌కు తెచ్చుకోవడం మేలు. మిగిలితే మిగిలినట్టు.

అసలు కష్టం డ్యూటీ కాదు, అనుమతులు. చీజ్‌తో మొదలుపెడతాను, అన్నింటికన్నా ముళ్లబాట అదే. పాల ఉత్పత్తి కాబట్టి కేంద్ర పశుసంవర్ధక, పాడి శాఖ నుంచి శానిటరీ ఇంపోర్ట్ పర్మిట్ కావాలి. సరుకు ఇటలీలో బయలుదేరక ముందే అది చేతిలో ఉండాలి, దిగాక అప్లై చేస్తే లాభం లేదు. దానితో పాటు అక్కడి ప్రభుత్వ పశువైద్యాధికారి ఇచ్చే హెల్త్ సర్టిఫికెట్ రావాలి. అందులో మన దేశం అడిగే మాటలు మనం అడిగినట్టే ఉండాలి. ముఖ్యంగా, పాలిచ్చిన పశువులకు జంతు అవయవాలతో, రక్తంతో చేసిన దాణా పెట్టలేదని; చీజ్‌లో జంతువుల నుంచి తీసిన రెన్నెట్ (పాలను విరగ్గొట్టే పదార్థం) వాడలేదని. ఇటలీ వాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. వాళ్లు గొప్పగా చూపించుకోవాలనుకునే పార్మిజానో రెజ్జానో చీజ్ తయారీ నియమాల్లోనే దూడ రెన్నెట్ వాడాలని ఉంది. వాడకపోతే దానికి ఆ పేరే పెట్టుకోకూడదు. కాబట్టి ఆ సర్టిఫికెట్ వాళ్ల దగ్గర ఏ అధికారీ ఇవ్వలేడు. మైక్రోబియల్ రెన్నెట్‌తో, అంటే సూక్ష్మజీవుల నుంచి తీసినదానితో, చేసిన వేరే రకాలు ఏమున్నాయో అడిగి అవి తెప్పించండి. పెద్ద చీజ్ చక్రం స్టాల్‌లో కనిపించాలని మరీ పట్టుబడితే ప్లాస్టిక్ డమ్మీ తెచ్చుకోమనండి. దానికి ఏ పర్మిటూ అక్కర్లేదు, చెన్నై ఉక్కకు చెమట కూడా పట్టదు.

ఆలివ్ నూనె తేలికే గానీ ఒక చిన్న మాట ఉంది. వంట నూనెలు, ప్రాసెస్ చేసిన ఆహారం వినియోగదారుల ప్యాకెట్లలో వస్తే, అందులో ఏ రూపంలోనూ గోమాంసం లేదని ప్యాకెట్ మీద రాసి ఉండాలన్నది మన దిగుమతి విధానంలోని షరతు. ఆలివ్ నూనెలో అదెందుకు ఉంటుందని ఇటలీ వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి, స్టిక్కర్ మాత్రం వేయించండి.

కాఫీ విషయంలో నేను మిమ్మల్ని అడగాల్సిన మొదటి ప్రశ్న: పచ్చి గింజలా, వేయించినవా? పచ్చి గింజలైతే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ కిందికి వస్తాయి. ఇక్కడ మీ పేరు మీద ఇంపోర్ట్ పర్మిట్, అక్కడి నుంచి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (చీడపీడలు లేవని అక్కడి ప్రభుత్వం ఇచ్చే పత్రం), దిగాక మీనంబాక్కంలోని ప్లాంట్ క్వారంటైన్ స్టేషన్ వాళ్ల తనిఖీ, ఇవన్నీ ఉంటాయి. పక్కనే కర్ణాటకలో కూర్గ్, చిక్కమగళూరు తోటలు పెట్టుకుని బయటి కాఫీ చీడను రానివ్వరు కదా. వేయించి, పొడి చేసి, సీల్ వేసి తెస్తే ఈ తలనొప్పి ఉండదు. ఇథియోపియా వాళ్లకు పచ్చి గింజలు పెనం మీద వేయించి, పొగ వాసన చూపించి, కూజాలో కాచి ఇవ్వడమే పెద్ద వేడుక. అది చూపించాలంటే పర్మిట్ పని ఎగ్జిబిషన్‌కు కనీసం రెండు నెలల ముందే మొదలుపెట్టండి. లేదంటే వేయించిన కాఫీతోనే సరిపెట్టుకోండి. పాలు, చక్కెర మోసుకు రానక్కర్లేదు; పక్కనే ఆవిన్ పాల బూత్ ఉంటుంది.

వియత్నాం వాళ్ల సరుకులో ఉచ్చు వేరే చోట ఉంది: ధరలో. శాంపిల్ కదా అని ఇన్‌వాయిస్ మీద కిలో ఒక డాలరు అని రాసి పంపే అలవాటు చాలామందికి ఉంది. మిరియాలకు మన దగ్గర కనీస దిగుమతి ధర ఉంది, కిలోకు 500 రూపాయలు. అంతకన్నా తక్కువకు వచ్చిన మిరియాలు నిషిద్ధ సరుకు కింద లెక్క. జీడిపప్పుకు కూడా ఇలా కనీస ధర షరతు ఉంది. డ్యూటీ తగ్గుతుందని ధర తగ్గించి రాస్తే, మామూలుగా రావాల్సిన సరుకు కాస్తా నిషిద్ధ సరుకు అయి కూర్చుంటుంది. ఉచిత శాంపిల్ అయినా సరే, ఇన్‌వాయిస్‌లో మార్కెట్ ధర రాసి, "వాణిజ్య విలువ లేదు, విలువ కస్టమ్స్ కోసం మాత్రమే" అన్న వాక్యం కింద పెట్టమనండి. మిరియాలు, ముడి గింజలు, పప్పుల్లాంటి వాటికి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కూడా కావాలి. వేయించి ఉప్పు కారం కలిపిన జీడిపప్పుకు ఆ అవసరం పడదు.

మీరు అడగలేదు గానీ రేపు ఇంకో కంపెనీ మీ దగ్గరికి రావచ్చు కాబట్టి చెబుతున్నాను. చైనా పాల ఉత్పత్తులు, పాలు కలిసిన చాక్లెట్లు 2008 నుంచి నిషేధంలో ఉన్నాయి. మనకు గసగసాలు మసాలా డబ్బాలో వస్తువే, కానీ దిగుమతికి వస్తే సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్ దగ్గర రిజిస్ట్రేషన్ అడుగుతారు. బేకరీ కంపెనీలు బన్నుల మీద చల్లడానికి తెచ్చే చిన్న ప్యాకెట్ వల్ల కూడా ఆగిపోతారు. మొక్కజొన్న, సోయా, ఇంకా కొన్ని కలిపి 24 పంటలకు జన్యుమార్పిడి లేదన్న సర్టిఫికెట్ 2021 మార్చి 1 నుంచి తప్పనిసరి. వైన్, బీరు రుచి చూపిస్తామంటే తమిళనాడు ఎక్సైజ్ అనుమతి విడిగా కావాలి. కొత్తగా వచ్చే చిన్న ఎగ్జిబిటర్లకు ఆ జోలికే పోవద్దని చెబుతాను.

వీటన్నింటి మీదా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే దేశ ఆహార భద్రత సంస్థ, ఉంటుంది. 2017 దిగుమతి నిబంధనల్లో ఎగ్జిబిషన్ కోసం వచ్చే ఆహారానికి మామూలు వ్యాపార దిగుమతికి భిన్నమైన దారి ఉంది. ఇది బజారులోకి పోదు, ఫలానా ఎగ్జిబిషన్‌కే అని హామీపత్రం ఇచ్చి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) మీ ఐఈసీ (దిగుమతి, ఎగుమతుల కోడ్ నంబరు) మీద దాఖలవుతుంది. హామీపత్రం మీద సంతకం మీది. విదేశీ కంపెనీ వాళ్లు మూడో రోజు సాయంత్రం విమానం ఎక్కేస్తారు, మిగిలిన చీజ్ లెక్క చెప్పాల్సింది మీరు. కాబట్టి హామీపత్రంలో ఏం రాశారో సంతకానికి ముందు చదవండి. ప్రతి ప్యాకెట్ మీదా, కార్టన్ మీదా "ఎగ్జిబిషన్ కోసం మాత్రమే, అమ్మకానికి కాదు" అని ఇంగ్లీషులో ముద్ర వేయించండి. నిర్వాహకుల ఉత్తరం, స్టాల్ కేటాయింపు పత్రం, ఒక్కో వస్తువు ఎంత బరువు, ఎందులో ఏమేం కలిశాయి అన్న జాబితా ఫైల్‌లో పెట్టుకోండి. అధికారి అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం వాటితోనే తీరిపోతాయి.

మూడో కుప్ప, అంటే అమ్మే సరుకు, పూర్తిగా వ్యాపార దిగుమతే. స్టాల్‌లో ఒక్క ప్యాకెట్ అమ్మినా అంతే. మీకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దిగుమతి లైసెన్సు ఉండాలి. సరుకు షెల్ఫ్ లైఫ్ దిగే నాటికి 60 శాతం గానీ, లేదంటే గడువుకు మూడు నెలలు గానీ, ఏది తక్కువైతే అది మిగిలి ఉండాలి. మీ పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, శాకాహారమా మాంసాహారమా చెప్పే గుర్తు లేబుల్ మీద ఉండాలి. ఈ కొన్నింటికి మాత్రం డ్యూటీ కట్టకముందు సరుకు ఉంచే బాండెడ్ గోడౌన్‌లో స్టిక్కర్ వేసి సరిదిద్దుకునే వీలుంది. చీజ్‌కు ఇంకో మెట్టు: పాల ఉత్పత్తులు, మాంసం, గుడ్ల పొడి, పసిపిల్లల ఆహారం, న్యూట్రాస్యూటికల్స్ (పోషక సప్లిమెంట్లు) తయారుచేసే విదేశీ ఫ్యాక్టరీలు 2023 ఫిబ్రవరి 1 నుంచి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదై ఉండాలి. విదేశీ కంపెనీ తన పేరు మీదే అమ్ముతానంటే జీఎస్టీలో నాన్ రెసిడెంట్ ట్యాక్సబుల్ పర్సన్‌గా కనీసం ఐదు రోజుల ముందు నమోదు చేసుకుని, అంచనా పన్ను ముందే కట్టాలి. మూడు రోజుల స్టాల్‌కు ఇంత తంతు ఎందుకు? అమ్మకం మీ పేరు మీద, మీరు ఇదివరకే దిగుమతి చేసి చట్టప్రకారం లేబుల్ వేసిన స్టాకు నుంచి చేయండి. రుచి చూపించడానికి కూడా వీలైనంత వరకు ఆ స్టాకే వాడండి. కొత్త రకాలు మాత్రమే బయటి నుంచి తెప్పించండి.

మనుషుల విషయం తేలిక. టూరిస్టు వీసా మీద స్టాల్‌లో నిలబడకూడదు. ఎగ్జిబిషన్‌లో పాల్గొనడం బిజినెస్ వీసా కిందికి వస్తుంది. ఈ-కాన్ఫరెన్స్ వీసా పేరు చూసి పొరబడతారు, అది వేరు. నిర్వాహకుల ఆహ్వానపత్రం, వాళ్ల కంపెనీ ఉత్తరం, ఆరు నెలల గడువు మిగిలిన పాస్‌పోర్టు, అందులో రెండు ఖాళీ పేజీలు చాలు. అప్లికేషన్ ప్రభుత్వ సైట్‌లోనే చేయమనండి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు రెట్టింపు డబ్బులు గుంజుతున్నాయి. 2025 అక్టోబరు నుంచి విదేశీయులు ఈ-అరైవల్ కార్డు కూడా ఆన్‌లైన్‌లో నింపాలి, ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి నింపుకోవచ్చు.

ఇథియోపియా వాళ్లకు అన్నింటికన్నా ముఖ్యమైనది వీసా కాదు, యెల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్. అది లేకుండా దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు, కాబట్టి టికెట్ కొన్న రోజే టీకా గురించి చెప్పండి. నేరుగా ఇథియోపియా నుంచి రాకపోయినా, ఈ మధ్యనే అక్కడ ఉండి వచ్చినవాళ్లకూ ఇదే నిబంధన. బ్యాగులో ఈ-సిగరెట్, శాటిలైట్ ఫోన్ ఉండకూడదని అందరికీ చెప్పండి. మొదటిది 2019 నుంచి నిషేధం. రెండోది అనుమతి లేకుండా పట్టుకొస్తే కేసు అవుతుంది.

సమయం గురించి: పర్మిట్లు చేతికొచ్చాకే సరుకు కదలాలి, సరుకు ఎగ్జిబిషన్‌కు వారం, పది రోజుల ముందు దిగాలి. బిల్ ఆఫ్ ఎంట్రీ సరుకు రాకముందే దాఖలు చేయొచ్చు, చేయండి. చీజ్ ఉంది కాబట్టి ఎయిర్ కార్గోలో కోల్డ్ స్టోరేజ్ చోటు ముందే చెప్పి పెట్టుకోండి. మీ ఎగ్జిబిషన్ నవంబరు, డిసెంబరుల్లో అయితే ఇంకో నాలుగు రోజులు ముందుకు జరపండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నై ఎయిర్‌పోర్టే మూతపడింది.

ఎగ్జిబిషన్ అయ్యాక అందరూ అలసిపోయి ఉంటారు, సగం తప్పులు అప్పుడే జరుగుతాయి. మెషీన్ ఎవరికో నచ్చి "ఇక్కడే అమ్మేస్తాం" అని ఇటలీ వాళ్లు అంటారు. కార్నె మీద వచ్చినదాన్ని అలా అమ్మకూడదు. ముందు కస్టమ్స్‌కు చెప్పి, డ్యూటీ కట్టి, కార్నెలో ఆ మేరకు రాయించుకోవాలి. తిరిగి పంపేటప్పుడు తెల్ల కాగితం మీద తిరుగు ఎగుమతి ముద్ర పడిందో లేదో విమానం ఎక్కించే ముందు మీ కళ్లతో చూడండి. ముద్ర లేకపోతే కార్నె గడువు తీరిన ఏడాదిలోపు కస్టమ్స్ ఫిక్కీని అడగొచ్చు, ఫిక్కీ ఇటలీ ఛాంబర్‌ను అడుగుతుంది, వాళ్లు ఆ ఇటలీ కంపెనీని అడుగుతారు. రుజువు చూపడానికి ఆరు నెలలు ఇస్తారు. చూపలేకపోతే డ్యూటీ, దాని మీద 10 శాతం దాకా అదనం. మిగిలిన తిండి పదార్థాలను హామీపత్రంలో రాసినట్టు తిరిగి పంపడమో, నాశనం చేయడమో చేసి కాగితం తీసుకోండి. ఆఫీసులో వాళ్లకు, చుట్టాలకు పంచకండి.

కాఫీ పచ్చిదా వేయించిందా, చీజ్ ఏయే రకాలు, ఒక్కోటి ఎన్ని కిలోలు అన్నది రాస్తే ఏ పర్మిట్ ముందు మొదలుపెట్టాలో వరసగా చెబుతాను.